దోమతెరలో ఇంగ్లీషు

పోస్టు మనిషి ఆ రోజు నన్ను వీధిలోకి పిలిచాడు. మామూలుగా అయితే ఉత్తరం అరుగు మీద పెట్టి, చెంబుడు మంచినీళ్లు అడిగి తాగి వెళ్తాడు. బయటికి పిలిచాడంటే కార్డు మూలకి నల్ల సిరా పూసి ఉందన్నమాట. మా వైపు అలాంటి కార్డు గడప దాటి లోపలికి రాదు. వీధిలోనే నిలబడి చదవాలి. చదివాక చింపెయ్యాలి.

నిలబడి చదివాను. గురజాలలో మాస్టారు పోయారు. మద్రాసులో ఉద్యోగం చేసే ఆయన అల్లుడు కార్డు ఇంగ్లీషులో రాశాడు. పోయినవారి వయసు, జబ్బు, పదో రోజు ఎప్పుడన్నది, అంతే. అందులో కర్మకాండలకు వాడిన మాట చివర, ఎస్సు ముందు, ఉండకూడని కొక్కెం ఒకటి ఉంది. నాకు ముందు దుఃఖం రాలేదు. ముందు ఆ కొక్కెం కనిపించింది. ఆయన దగ్గర మసిలినవాళ్లకు ఇది పోని జబ్బు.

కొక్కెం అంటే ఇంగ్లీషువాళ్లు అక్షరాల మధ్య, కాస్త పైన వేలాడదీసే అపాస్ట్రఫీ. మాస్టారు దాన్ని ఆ పేరుతో పిలిచేవారు కాదు. "ఆ పేరు పలకడానికి నోరు తిరగాలి. తిరిగినా అదేం పని చేస్తుందో పేరులో లేదు. కొక్కెం అను. ఎందుకుందో నీకే తెలుస్తుంది" అనేవారు.

నేను ఆయన దగ్గరికి ఇంగ్లీషు కోసం వెళ్లలేదు. నీళ్ల కోసం వెళ్లాను.

మాది మాచర్లకీ వెల్దుర్తికీ మధ్యనున్న మెట్ట ఊరు. అక్కడి బడిలో పంతుల్ని. ఊళ్లో బావి అప్పుడూ ఉండేది. నీళ్లు మాత్రం శివరాత్రి దాకానే. ఆ తర్వాత ఆడవాళ్లు వాగు దాకా నడిచి, ఇసకలో చెలమలు తవ్వి, ముంతతో బిందెలు నింపుకునేవాళ్లు. ఆ వరసలో ముందు నడిచేది కోటమ్మత్త. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఒక ఎండాకాలం ఆమె కోడలు నెలలు నిండి కూడా బిందెతో వెళ్లి దారిలో పడిపోయింది. మనిషి దక్కింది. బిడ్డ దక్కలేదు. ఆ వారమే కోటమ్మత్త బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"పంతులయ్యా, నీకు ఇంగిలీసు వచ్చంట గదా. కలెకటేరు దొరకి రాయి. ఊరికి ఇంకో బాయి కావాలని రాయి. లోతుది."

రాశాను. జవాబు రాలేదు. మళ్లీ రాశాను. మళ్లీ రాలేదు. మూడోసారి రాయబోతుంటే మా ఊరి మునసబు అంజయ్య నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. "నీ ఇంగిలీసు దొరకి పడటంలా పంతులూ. గురజాలలో ఒక పెద్ద మాస్టారున్నాడు. ఆయన చేయి పడితే గాని కాయితం కదలదంట. పద" అన్నాడు.

మేం వెళ్లేసరికి మిట్టమధ్యాహ్నం. ఇంటి వసారాలో పట్టెమంచం, దాని మీద దోమతెర దించి ఉంది. లోపల బక్కపల్చటి పెద్దాయన ఒళ్లో పలక పెట్టుకుని, కాళ్లు ముడిచి, కదలకుండా కూర్చుని ఉన్నాడు. అంజయ్య నా చెవి దగ్గర గొంతు తగ్గించి, "జొరంలాగుంది. ఇంకో రోజు వద్దాం" అన్నాడు.

లోపల బియ్యం ఏరుతున్న ఆయన భార్య ఆ మాట విన్నది. "జ్వరం కాదు నాయనా, ఇంగ్లీషు. కూర్చోండి, దిగుతుంది" అంది.

కాసేపటికి దిగింది. మాస్టారు తెర ఎత్తి బయటికి వచ్చి, వెనకే ఈగ ఏదైనా లోపలికి పోయిందేమోనని చూసి, తెర మళ్లీ దించారు. దోమతెర ఎందుకని మేం అడగలేదు గాని, మా మొహాలు అడిగినట్టున్నాయి.

"ఈగలోయ్. ఈగ వాలి లేచిన చోట ఏం మిగులుతుందో చూశావా? అచ్చం కొక్కెం. నేను కొట్టని కొక్కెం నా కాగితం మీద ఉండటానికి వీల్లేదు."

"మామిడిపళ్ల కాలం వస్తే అసలు కాగితమే ముట్టరు," అంది ఆవిడ బియ్యం చెరుగుతూ. "నన్ను ఇంట్లో పండు కొయ్యనివ్వరు. పెళ్లయిన దగ్గర్నుంచి నేను రసాలు పెరట్లో నిలబడే తింటున్నా."

ఆయన ఆ మాట పట్టించుకోలేదు. నా అర్జీ తీసుకుని, చొక్కా జేబులోంచి ఒక చీట్లపేక ముక్క తీశారు. కళావరు రాజు. రాజు పొట్టకి చిన్న కిటికీ కోసి ఉంది. ఆ కిటికీ నా అర్జీలోని ఆఖరి మాట మీద పెట్టి చదివారు. తర్వాత దాని ముందు మాట. అలా కింది నుంచి పైకి, కుడి నుంచి ఎడమకి, ఒక్కొక్క మాటే పైకి చదువుతూ పోయారు. అంజయ్యకి చెమటలు పట్టాయి.

"అయ్యగారూ, అట్టా ఎనకనించి సదివితే ఉన్న బాయి కూడా పూడిపోద్దేమో."

"ముందు నుంచి చదివితే అర్థం అడ్డం వస్తుందయ్యా. ఏం రాశాడో తెలిసిపోయాక ఎలా రాశాడో కనపడదు. నీ ఇంట్లో బూజు నీకు కనపడుతుందా? వచ్చిన చుట్టానికే కనపడుతుంది." అలా అంటూనే రాజుని ఒకచోట ఆపారు. "ఏమోయ్ పంతులూ, గవర్నమెంటులో ఎన్ను ఏది?"

నేను చూశాను. లేదు.

"మింగేశావు. సర్కారు సొత్తు మింగి, మళ్లీ ఆ సర్కారునే బావి అడుగుతున్నావు."

రాజు ఇంకొంచెం పైకి వెళ్లాడు. "రిసీవులో ఈ, ఐ తారుమారు. సీ గారింటికి వెళ్లేటప్పుడు ఈ ముందు నడవాలి, ఐ వెనక. వియ్యాలవారింటికి మర్యాద తెలిసినవాణ్ణి ముందు పెట్టుకుని వెళ్లమా? అలాగనుకో." ఇంకాస్త పైకి. "ఇదేమిటి, బావులు అనడానికి వెల్స్ రాసి మధ్యలో కొక్కెం కొట్టావు. ఎందుకూ, బొక్కెన తగిలించడానికా?"

అంజయ్య నవ్వాడు. నవ్వకుండా ఉండాల్సిందని తర్వాత అర్థమైంది. మాస్టారు అతని వైపు తిరిగి పాఠం మొదలుపెట్టారు. "నవ్వకు. చెప్పు, గోడకి కొక్కెం ఎందుకు కొడతారు?"

"చొక్కా తగిలిచ్చటానికి."

"చొక్కా ఎవరిది?"

"నాది."

"ఆఁ. ఎవరిదో ఒకరిది అయినప్పుడే కొక్కెం. చొక్కాలు ఎక్కువయ్యాయని కొట్టకూడదు. ఎద్దులు రెండు ఉన్నాయని కొమ్ములకి కొక్కేలు కొడతావా?"

"కొట్టను అయ్యగారూ."

"మీ పంతులు కొట్టాడు." మళ్లీ నా వైపు తిరిగారు. "ఇక్కడ చూడు. ఊరివాళ్ల కష్టాలు అని రాస్తూ విలేజర్స్ అన్న మాటలో ఎస్సుకి ముందు కొట్టావు. అంటే మీ ఊళ్లో ఉన్నది ఒక్కడే. వాడొక్కడి కష్టాలే రాశావు. ఒక్కడి కోసం దొర బావి తవ్విస్తాడా? ఎస్సు దాటాక కొట్టు, ఊరంతా వస్తుంది."

అంజయ్య ఆ కాగితం వైపు చానాసేపు చూశాడు. "మా ఊరు ఊరంతా ఒక కొక్కేనికి వేలాడుతుందని ఇయ్యాలే తెలిసింది" అన్నాడు.

ఒక చోట మాత్రం మాస్టారు మెచ్చుకున్నారు. బావి తన నీళ్లు కోల్పోయిందని రాసిన దగ్గర ఇట్స్‌లో నేను కొక్కెం పెట్టలేదు. తెలిసి కాదు, మరిచిపోయాను. "భేష్. అక్కడే అందరూ బోల్తా పడతారు. తన చెంబు తన చేతిలో ఉన్నవాడికి కొక్కెం అక్కర్లేదు" అన్నారు. నేను మెప్పు కాదనలేదు.

తప్పు ఉన్న అర్జీ కదలదని ఆయన గట్టి నమ్మకం. "చదివేవాడికి తప్పు కనపడగానే నవ్వు వస్తుంది. నవ్వాక నీ కష్టం వాడి బుర్రకెక్కదు" అనేవారు. అందుకని ఊళ్లో కనిపించిన ప్రతి ఇంగ్లీషు ముక్కనీ దిద్దేవారు. జేబులో సుద్దముక్క ఉండేది. రైలు స్టేషనులో నల్లబల్ల మీద బండి ఆలస్యమని రాస్తే, ప్రయాణికులు బండి కోసం చూస్తుంటే, ఈయన ఆ రాతలో జారిపోయిన అక్షరం ఎక్కించేవారు. సోడాల బండి మీది అట్ట, మందుల షాపు బోర్డు, పెళ్లి శుభలేఖ, ఏదీ వదిలేవారు కాదు. శుభలేఖ దిద్ది పెళ్లివారికే తిరిగి పంపిస్తే, పెళ్లి ఇష్టం లేక వెనక్కి పంపారనుకుని వాళ్లు పరుగున వచ్చారట. ఇది ఆవిడ చెప్పింది.

ఒకసారి వేరుశనక్కాయలు తిని, పొట్లం కాగితం విప్పి, పెన్సిల్‌తో దిద్ది, అప్పుడు పారేశారు. పారేసే కాగితం కదా మాస్టారూ, అన్నాను.

"పారేశాక ఎవడూ చదవడని నీకెవరు చెప్పారు? గాలికి పోతుంది. ఎక్కడో ఎవడో చూస్తాడు. తప్పు నా చేతి మీదుగా పోయిందనిపించుకోకూడదు."

ఇంత ఇంగ్లీషు తెలిసిన మనిషి ఒక్క ఇంగ్లీషువాడితోనూ మాట్లాడలేదు. బడిలో పని చేసినన్నాళ్లూ దొర తనిఖీకి వస్తున్నాడంటే ఈయనకు నిజంగానే జ్వరం వచ్చేది. "అది దోమతెర జ్వరం కాదు, కంబళి జ్వరం" అని ఆవిడ. దొరల భాషంటే ఉన్న ప్రేమ దొరలంటే ఉన్న భయంతో సమానమై, మనిషి మధ్యలో నిలబడిపోయాడు. ఆయనకు ఒకటే కోరిక ఉండేది. తన చేతి కాగితం దొర చేతిలో పడాలి, దొర దిద్దడానికి పెన్సిల్ తియ్యకూడదు. అది తను చాటున ఉండి చూడాలి.

మా అర్జీకి ఆయన యుద్ధానికి ముందు కొని దాచుకున్న తెల్ల కాగితం తీశారు. అప్పట్లో అలాంటిది దొరికేది కాదు. దోమతెరలో కూర్చుని శుభ్రంగా రాసి, కింద గీత గీసి, వేలిముద్రలన్నీ గీత కిందే పడాలన్నారు. "మడవకు. మడతలో అక్షరం విరుగుతుంది" అని రెండు పలకల మధ్య పెట్టి, నాడాతో కట్టి ఇచ్చారు. మర్నాడు కాక ఆ మర్నాడు కలెక్టరు మాచర్ల బంగళాలో మకాం. నేనూ రైల్లో వస్తాను, ఇచ్చే ముందు ఒక్కసారి చూసుకోవాలి, అన్నారు.

మర్నాడు సాయంత్రానికి ఊరంతా వేలిముద్రలు వేసింది. గీత కిందే వేయించాను. అప్పుడు కోటమ్మత్త పలకలు తీసుకుని చంకన పెట్టుకుంది. "నీ కొంపలో ఎలకలు పంతులయ్యా. మా ఇంట్లో దేవుడి గూట్లో పెడతా. పొద్దున్నే బండి కాడికి తెస్తా."

తెచ్చింది. మాచర్ల వెళ్లాం. మాస్టారు బంగళా ముందు వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. ఆ ఎండలో మెడదాకా గుండీలు పెట్టిన కోటు, తలపాగా. దొర బయల్దేరే లోపు అర్జీలు తీసుకుంటున్నాడని జవాను చెప్పాడు. మాస్టారు పలకలు అందుకుని, నాడా విప్పి, పైపలక ఎత్తారు.

నాలుగు మూలలా పసుపు. ముద్దగా, చేతివేలంత. నడినెత్తిన కుంకుమ బొట్టు. పసుపు నీళ్లు చిందిన చుక్కలు అక్షరాల మధ్య అక్కడక్కడా ఆరి ఉన్నాయి. మామిడిపళ్ల కాలంలో, దోమతెర లేకుండా, ఊరి ఈగలన్నీ సభ చేసి లేచినట్టుంది.

మాస్టారు కళావరు రాజు కోసం జేబులో చెయ్యి పెట్టి, తియ్యకుండా వదిలేశారు. వేపచెట్టుకి ఆనుకున్నారు.

"ఎవరు చేశారు?" అన్నారు.

"నేనే సామీ," అంది కోటమ్మత్త. మెచ్చుకుంటారనుకుంది. "దేవుడికి చూపిచ్చి పెట్టా."

"ఎందుకమ్మా?"

"ఎందుకేంది? మంచి పనికి పోయే కాయితానికి పసుపు పెట్టరా ఎవురైనా?"

"దొరకి ఇచ్చే కాగితం ఇది. శుభలేఖ కాదు. నేను ఒక్క ఈగని వాలనివ్వకుండా రాశాను. ఇన్ని చుక్కలు. ఏది నాదో, ఏది కాదో దొరకెలా తెలుస్తుంది?" అన్నారు. "ఇది ఇవ్వొద్దు. నేను మళ్లీ రాస్తాను."

"మళ్లీ రాస్తే యేలిముద్రలో?" అన్నాడు అంజయ్య. "ఊరంతా ఈడ లేదుగా అయ్యగారూ. దొర ఇంకాసేపట్లో పోతన్నాడు. మళ్లీ ఎప్పటికొస్తాడో."

మాస్టారు తల అడ్డంగా ఊపుతూనే ఉన్నారు. కోటమ్మత్త ఆయన ఎదురుగా వచ్చి నిలబడింది. కోపం లేదు, విసుగు ఉంది.

"సామీ, పసుపు లేని కాయితం మనింటికి ఎప్పుడొస్తది? ఎవురన్నా సస్తే వస్తది. మా ఇంట్లో పోయిన బిడ్డ చాలు. ఇప్పుడు బాయి అడగబోతా సావు కాయితం చేత్తో పట్టుకు పొమ్మంటావా?"

మాస్టారి దగ్గర దీనికి నియమం లేదు. ఆయన నియమాలన్నీ అక్షరాలవి. కాసేపు ఆమె మొహం చూశారు, కాసేపు కాగితం చూశారు. తర్వాత పలక మోకాలి మీద ఆనించుకుని కలం తీసి, వేలిముద్రల కింద మిగిలిన జానెడు ఖాళీలో ఇంగ్లీషులో ఒక వాక్యం రాశారు. సిరా ఆరేదాకా ఈగలు వాలకుండా ఉత్తరీయంతో విసిరారు. ఆ వాక్యానికి తెలుగు ఇది: మూలల్లో ఉన్న పసుపు గుర్తులు తప్పులు కావు.

జవాను పిలిచాడు. అర్జీ కోటమ్మత్తే పట్టుకుంది. నేనూ అంజయ్యా వెనక. మాస్టారు మాతో రాలేదు. వేపచెట్టు వెనక్కి వెళ్లారు. తలపాగా చెంగు మాత్రం మాను పక్కనుంచి కనిపిస్తూ ఉంది.

దొర కాగితం అందుకుని, పసుపు అంటకుండా రెండు వేళ్లతో ఎక్కడ పట్టుకోవాలో తెలియక తిప్పాడు. తిప్పడంలో కింది భాగం పైకి వచ్చింది. దాంతో ఆఖరి వాక్యమే ముందు చదివాడు. మీసం కింద ఏదో కదిలింది. నాతో ఇంగ్లీషులో ఏదో అడిగాడు. నేను ఇంగ్లీషులో ఏదో చెప్పాను. నేను నోరు తెరవగానే తలపాగా చెంగు ఉలిక్కిపడటం నాకు కనిపించింది. దొరకి నా ఇంగ్లీషు కంటే తన తెలుగే నయమనిపించినట్టుంది. కోటమ్మత్తని పుస్తకం తెలుగులో అడిగాడు.

"నీరు ఎంత దూరము ఉన్నది?"

"మా కోడలు బిడ్డని పోగొట్టుకునేంత దూరం ఉంది దొరా."

దొర కాగితం తిన్నగా తిప్పి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. నీలం పెన్సిల్ తీసి ఏదో రాసి పక్కవాడికి ఇచ్చాడు.

తిరిగి వేపచెట్టు దగ్గరికి వస్తే మాస్టారు బావి సంగతి అడగలేదు.

"పెన్సిల్ తీశాడా?"

"తీశాడు మాస్టారూ."

ఆయన కళ్లు మూసుకున్నారు. "ఎక్కడ పెట్టాడు?"

"పక్కన. ఖాళీలో."

"అక్షరాల మీద కాదుగా?"

"కాదు."

"ఖాళీలోనా," అన్నారు. మళ్లీ, "ఖాళీలోనే" అన్నారు. కోటు గుండీలు విప్పుకుని వేపచెట్టు మొదట్లో చతికిలపడ్డారు. కోటమ్మత్త ఇంటి నుంచి తెచ్చుకున్న ముంతలోని మజ్జిగ ఆయన దోసిట్లో పోసింది. ఈగలు మూగుతున్నా తోలుకోకుండా తాగారు.

మరుసటి ఎండాకాలానికి బావి వచ్చింది. రాతి పొర తగిలి కొన్నాళ్లు ఆగి, పేల్చాక ఊట పడింది. పసుపు వల్లే వచ్చిందని కోటమ్మత్త ఇప్పటికీ అంటుంది. కోటమ్మ జవాబు వల్లనని అంజయ్య. మాస్టారిని ఎవరైనా అడిగితే, "తప్పుల్లేవుగా మరి" అనేవారు. అనేసి, కాస్త ఆగి, "ఆ కోటమ్మ పెట్టిన చుక్కలు కూడా తప్పులు కావు" అని కలిపేవారు. తర్వాత ఎవరికి అర్జీ రాసి ఇచ్చినా, మూలల్లో వేలెడు జాగా వదిలి రాసేవారు. అది దేనికని అడిగితే చెప్పేవారు కాదు. తీసుకెళ్లిన వాళ్ల ఇంట్లో ఆడవాళ్లకు మాత్రం అడక్కుండానే తెలిసేది.

కార్డు పట్టుకుని వీధిలో ఎంతసేపు నిలబడ్డానో. బిందెతో వెళ్తున్న కోటమ్మత్త ఆగింది. నల్ల మూల చూసి, ఎవరని అడిగింది. చెప్పాను. బిందె దింపింది.

"సింపెయ్యి మరి. చేత్తో అట్టా పట్టుకుని నిలబడగూడదు."

నేను జేబులోంచి పెన్సిల్ తీశాను. కార్డు గోడకి ఆనించి, ఆఖరి మాట దగ్గర మొదలుపెట్టి, కింది నుంచి పైకి ఒక్కొక్క మాటే చూసుకుంటూ వచ్చాను. కొక్కెం పీకేశాను. పైన ఒక మాటలో ఎల్లు ఒకటి తక్కువైంది, ఎక్కించాను.

"సింపే కాయితానికి దిద్దుబాటేంది పంతులయ్యా?"

"ఆయనైతే దిద్దేవారు అత్తా."

దిద్దడం అయ్యాక కార్డు నాలుగు ముక్కలు చేసి వీధిలో వదిలాను. గాలి లేదు, అక్కడే పడ్డాయి.

"తలకి పోసుకుందువు రా," అంది.

"ఆయన మనకేం అవుతారు? మైల అంటదు."

"అంటదా?" అంటూ ఆమె అప్పటికే బావి వైపు నడుస్తోంది. చేద వేసి తోడింది. మొదటి బిందె నా నెత్తిన పోసింది. రెండోది తను పోసుకుంది.